రాబర్ట్ కాపా

రాబర్ట్ కాపా (అక్టోబరు 22, 1913 - మే 25, 1954) హంగేరీ దేశములో జన్మించి, తరువాత అమెరికా పౌరసత్వము పొందిన సుప్రసిద్ధ యుద్ధ ఛాయాచిత్రకారుడు. ఇతని అసలు పేరు ఎండ్రే ఎర్నో ఫ్రీడ్‌మన్. స్పెయిన్ అంతర్యుద్ధము, చైనా - జపాన్ యుద్ధము, రెండవ ప్రపంచ యుద్ధము, 1948 నాటి అరబ్బు - ఇజ్రాయెల్ యుద్ధము, మొదటి ఇండోచైనా యుద్ధము - ఈ ఐదు యుద్ధాలను ఇతడు చిత్రాలలో నమోదు చేశాడు. 1947లో హెన్రీ కార్టియే-బ్రెసాఁ తదితరులతో కలిసి మాగ్నమ్ ఫోటోస్ అనే సహకార సంస్థను స్థాపించాడు. 1954లో వియత్నాంలో మందుపాతర పేలి మరణించాడు.

కాపా వృత్తిజీవితము 35 మిల్లీమీటర్ల ఫిల్మును వాడే రేంజ్‌ఫైండరు కెమేరాల చరిత్రతో ముడిపడి ఉంది. ఇతడు తొలినాళ్ళలో జర్మనీలో తయారైన లైకా కెమేరాతోను, తరువాత దాని ప్రధాన ప్రత్యర్థి అయిన కాంటాక్స్‌తోను పనిచేశాడు. చనిపోయిన రోజున ఇతనివద్ద ఒక కాంటాక్స్, ఒక నికాన్ కెమేరా ఉన్నాయి.

బాల్యము

కాపా బుడాపెస్ట్ నగరములో ఒక యూదు కుటుంబములో జన్మించాడు. తండ్రి డెజ్సో, తల్లి యూలియా. వీరు స్త్రీల దుస్తులు కుట్టి అమ్మే దుకాణము నడిపేవారు. ఇతని తమ్ముడు కార్నెల్ కాపా కూడా తరువాతి కాలములో పేరుపొందిన ఛాయాచిత్రకారుడయ్యాడు. అప్పట్లో హంగేరీని పాలిస్తున్న హోర్తీ ప్రభుత్వము వామపక్ష భావాలు కలవారిని, యూదులను అనుమానముతో చూసేది. విద్యార్థి దశలోనే రాజకీయాల పట్ల ఆకర్షితుడైన కాపాను 1931లో పోలీసులు నిర్బంధించారు. విడుదలైన తరువాత ఇతడు దేశము విడిచి బెర్లిన్ చేరాడు. అప్పటికి ఇతని వయసు 17 సంవత్సరాలు.

బెర్లిన్ జీవితము

పాత్రికేయుడు కావాలనే కోరికతో కాపా బెర్లిన్‌లోని రాజకీయ శాస్త్ర విద్యాసంస్థలో చేరాడు. కొద్దికాలానికే ఇంటి నుండి డబ్బు రావడము ఆగిపోయింది. భాష సరిగా రాని వ్యక్తికి పత్రికలలో వ్రాయడము సాధ్యము కాదు. ఛాయాచిత్రాలకు ఆ ఇబ్బంది లేదు. బుడాపెస్ట్‌లో తనకు పరిచయమైన ఫోటోగ్రాఫరు ఎవా బెష్న్యో సహాయముతో కాపా డెఫోట్ అనే చిత్రసంస్థలో చీకటి గది సహాయకునిగా పనికి కుదిరాడు. ఆ సంస్థ అధిపతి సైమన్ గుట్‌మన్ ఇతని ఉత్సాహాన్ని గమనించి ఒక లైకా కెమేరా ఇచ్చి చిన్న చిన్న పనులు అప్పగించసాగాడు.

లైకా అప్పటికి మార్కెట్లోకి వచ్చి కొద్ది సంవత్సరాలే అయింది. వెట్జ్‌లార్ పట్టణములోని లైట్జ్ కర్మాగారములో పనిచేసిన ఆస్కర్ బర్నాక్ సినిమా ఫిల్మును వాడే చిన్న కెమేరాకు రూపకల్పన చేయగా, 1925లో లైప్జిగ్ వసంత ప్రదర్శనలో దానిని ప్రజలకు పరిచయము చేశారు. 24 x 36 మిల్లీమీటర్ల పరిమాణముతో ఒక చుట్టలో 36 చిత్రాలు తీయవచ్చును. అంతవరకు పత్రికలవారు ఎక్కువగా గాజు పలకలు వాడే పెద్ద కెమేరాలను మోసేవారు. లైకాను కోటు జేబులో పెట్టుకొని వెళ్ళవచ్చును.

నవంబరు 27, 1932న రష్యా విప్లవ నాయకుడు లియాన్ ట్రాట్‌స్కీ డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో విద్యార్థుల సభలో ప్రసంగించాడు. డెఫోట్ సంస్థ ఈ పనిని 19 ఏళ్ళ కాపాకు అప్పగించింది. సభలోకి పెద్ద కెమేరాలను అనుమతించలేదు. కాపా తన చిన్న లైకాతో లోపలికి ప్రవేశించి, వేదిక దగ్గరగా చేరి ట్రాట్‌స్కీ హావభావాలను చిత్రించాడు. ప్రచురింపబడిన ఇతని తొలి చిత్రాలు ఇవే. వక్తకు ఎంత దగ్గరగా నిలబడి తీశాడో ఆ చిత్రాలలో స్పష్టముగా కనిపిస్తుంది. చిత్రము బాగా రాలేదంటే తీసినవాడు తగినంత దగ్గరకు వెళ్ళలేదని అర్థమని కాపా తరువాతి కాలములో చెప్పేవాడు. ఆ పద్ధతి ఇతని మొదటి పనిలోనే ఉంది.

పారిస్ - పేరు మార్పు

1933లో హిట్లర్ అధికారములోకి రావడముతో కాపా జర్మనీ విడిచి, వియన్నా మీదుగా పారిస్ చేరాడు. అక్కడ పేదరికము అనుభవించాడు. అవసరము కలిగినప్పుడు కెమేరాను తాకట్టు పెట్టేవాడు. పోలెండ్ నుండి వలస వచ్చిన డేవిడ్ సేమూర్, ఫ్రాన్సుకు చెందిన కార్టియే-బ్రెసాఁ ఇతనికి మిత్రులయ్యారు.

1934లో కాపాకు గెర్టా పోహోరిల్ అనే యువతితో పరిచయమయింది. ఆమె కూడా నాజీల బారి నుండి తప్పించుకొని జర్మనీ నుండి వచ్చిన యూదు వనితే. కాపా ఆమెకు ఛాయాచిత్రగ్రహణము నేర్పాడు. 1936లో వీరిద్దరూ రాబర్ట్ కాపా అనే ఒక ధనిక అమెరికన్ ఫోటోగ్రాఫరును కల్పించి, ఆ పేరుతో చిత్రాలను ఎక్కువ ధరకు పత్రికలకు అమ్మసాగారు. ఈ రహస్యము త్వరలోనే బయటపడింది. అయితే ఆ పేరు మాత్రము ఎండ్రేకు శాశ్వతముగా నిలిచిపోయింది. గెర్టా కూడా గెర్డా టారో అని పేరు మార్చుకుంది. హంగేరియన్ భాషలో కాపా అంటే సొరచేప అని అర్థము.

స్పెయిన్ అంతర్యుద్ధము

1936 జూలైలో స్పెయిన్‌లో అంతర్యుద్ధము మొదలయింది. ఆగస్టులో కాపా, టారో అక్కడకు చేరి రిపబ్లికన్ సైన్యము వైపు నుండి చిత్రాలు తీశారు. ఆ తొలి నెలలలో కాపా లైకాను వాడగా, టారో చతురస్రాకారపు నెగటివ్‌లు వచ్చే కెమేరాను ఎక్కువగా వాడింది. 1937 నుండి ఆమె కూడా 35 మిల్లీమీటర్ల కెమేరా పట్టుకుంది. మొదటి నెలల చిత్రాలలో ఏది ఎవరు తీశారో నెగటివ్ ఆకారాన్ని బట్టి గుర్తించడానికి వీలయింది. తరువాతి చిత్రాలలో ఈ ఆధారము లేకపోయింది.

కాపా తీసిన చిత్రాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది సెప్టెంబరు 1936 నాటిది. తుపాకి పట్టుకున్న ఒక రిపబ్లికన్ సైనికుడు గుండు తగిలి వెనుకకు ఒరుగుతున్న దృశ్యము అందులో ఉంది. ఫ్రాన్సులోని వ్యూ పత్రిక సెప్టెంబరు 23, 1936 సంచికలోను, అమెరికాలోని లైఫ్ పత్రిక జూలై 12, 1937 సంచికలోను దీనిని ప్రచురించాయి.

1937 జూలైలో బ్రునెటే యుద్ధరంగము నుండి వెనుదిరుగుతున్నప్పుడు జరిగిన గందరగోళములో రిపబ్లికన్ సైన్యానికే చెందిన ఒక టాంకు టారోను ఢీకొన్నది. మరునాడు, అనగా జూలై 26న ఆమె మరణించింది. అప్పుడు కాపా పారిస్‌లో ఉన్నాడు. ఆగస్టు 1న, ఆమె 27వ పుట్టినరోజున, పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానములో అంత్యక్రియలు జరిగాయి. ఈ దుఃఖము నుండి కాపా పూర్తిగా కోలుకోలేదని అతని మిత్రులు భావించేవారు.

1938లో కాపా డచ్చి దర్శకుడు యోరిస్ ఐవెన్స్ బృందముతో చైనా వెళ్ళి, జపాన్ దాడికి గురైన హాంకౌ తదితర ప్రాంతాలను చిత్రించాడు. ఇక్కడే నలుపు తెలుపు ఫిల్ముతో పాటు రంగుల ఫిల్మును కూడా వాడడము మొదలుపెట్టాడు. ఆ సంవత్సరము చివరలో తిరిగి స్పెయిన్ వెళ్ళి తీసిన చిత్రాలను బ్రిటన్‌లోని పిక్చర్ పోస్ట్ పత్రిక డిసెంబరు 3, 1938 సంచికలో ప్రచురించి, ఇతనిని ప్రపంచములోకెల్లా గొప్ప యుద్ధ ఛాయాచిత్రకారునిగా పేర్కొంది. అప్పటికి ఇతని వయసు 25 సంవత్సరాలు.

లైకా మరియు కాంటాక్స్

రెండవ ప్రపంచ యుద్ధకాలానికి కాపా ప్రధానముగా వాడే కెమేరా లైకాకు బదులు కాంటాక్స్ అయింది. 1930వ దశకములో వృత్తి ఛాయాచిత్రకారులలో ఈ రెండింటిలో ఏది మేలన్న చర్చ విస్తృతముగా సాగేది.

రెండూ రేంజ్‌ఫైండరు కెమేరాలే. ఈ రకపు కెమేరాలో పైభాగాన కొంత ఎడముగా రెండు చిన్న గవాక్షాలు ఉంటాయి. రెండింటి గుండా వచ్చే ప్రతిబింబాలు కంటికి ఒకేచోట కనిపిస్తాయి. వస్తువు ఉన్న దూరానికి కటకము సరిగా అమరనప్పుడు ప్రతిబింబము జంటగా కనిపిస్తుంది. కటకాన్ని తిప్పుతుంటే రెండు బొమ్మలు దగ్గరగా జరిగి ఒకటిగా కలుస్తాయి. అప్పుడు వస్తువు ఫోకస్‌లోకి వచ్చినట్లు తెలుసుకోవచ్చును. గవాక్షాల మధ్య దూరము పెరిగిన కొలదీ కచ్చితత్వము పెరుగుతుంది.

తొలి లైకాలలో ఈ ఏర్పాటు లేదు. దూరాన్ని కంటితో అంచనా వేయవలసి వచ్చేది, లేదా విడిగా ఒక పరికరాన్ని వాడవలసి వచ్చేది. 1932లో వచ్చిన రెండవ నమూనా లైకాలో రేంజ్‌ఫైండరును కెమేరాలోనే అమర్చి కటకముతో అనుసంధానము చేశారు. అదే సంవత్సరము డ్రెస్డెన్ నగరములోని జైస్ ఇకాన్ సంస్థ కాంటాక్స్‌ను విడుదల చేసింది. తొలి కాంటాక్స్‌లో లోపాలు ఉండగా, 1936లో వచ్చిన రెండవ నమూనాలో వాటిలో చాలావరకు సరిచేశారు. కాపా నార్మండీకి తీసుకువెళ్ళినవి ఈ రెండవ నమూనా కెమేరాలే.

రెండు కెమేరాల మధ్య ముఖ్యమైన తేడాలు:

* చూపు: ఆనాటి లైకాలో దూరాన్ని సరిచూడడానికి ఒక గవాక్షము, దృశ్యపు హద్దులు చూడడానికి మరొక గవాక్షము ఉండేవి. రెండవ నమూనా కాంటాక్స్‌లో ఈ రెండు పనులూ ఒకే గవాక్షములో జరుగుతాయి. కదులుతున్న మనుషులను చిత్రించేవారికి ఇది పెద్ద సౌకర్యము.
* కచ్చితత్వము: లైకాలో రేంజ్‌ఫైండరు గవాక్షాల మధ్య దూరము సుమారు 4 సెంటీమీటర్లు కాగా, కాంటాక్స్‌లో 9 సెంటీమీటర్లు. అయితే గవాక్షము అంచుకు జరగడము వలన కాంటాక్స్‌ను పట్టుకొనే వేళ్ళు దానికి అడ్డము రాకుండా జాగ్రత్తపడాలి.
* కటకాలు: లైకా కటకాన్ని మర మాదిరిగా పలుమార్లు తిప్పి బిగించాలి. కాంటాక్స్ కటకము కొద్దిగా తిప్పగానే బిగుసుకుంటుంది. కాంటాక్స్ కొరకు లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన సోనార్ కటకాలు తక్కువ వెలుతురులో కూడా స్పష్టమైన చిత్రాలను ఇచ్చేవి.
* ఫిల్ము ఎక్కించుట: లైకాలో అడుగు మూత తీసి, కొన కత్తిరించిన ఫిల్మును సన్నని సందు గుండా పైకి దూర్చాలి. కాంటాక్స్‌లో వెనుక భాగము మొత్తము ఊడివస్తుంది. ఫిల్ము సరిగా పడిందో లేదో కంటితో చూడవచ్చును.
* షట్టర్: లైకాలో వస్త్రముతో చేసిన తెర అడ్డముగా కదులుతుంది. కాంటాక్స్‌లో లోహపు పట్టీల తెర నిలువుగా కదులుతుంది. లైకా మూడవ-ఎ నమూనా అత్యధిక వేగము సెకనులో 1000వ వంతు కాగా, కాంటాక్స్ రెండవ నమూనాది 1250వ వంతు.
* మన్నిక: కాంటాక్స్ లోహపు తెరకు ఎండ వలన కాలిపోయే ప్రమాదము లేదు. కాని దానిని నడిపే పట్టు నాడాలు తెగినపుడు బాగుచేయడము కష్టము. లైకా నిర్మాణము సరళమైనది. పైగా అది తేలికైనది, చప్పుడు తక్కువ చేసేది.

ఈ తేడాల వలన ఎంపిక పని స్వభావాన్ని బట్టి మారేది. ఎవరి కంటా పడకుండా వీధులలో తిరుగుతూ చిత్రాలు తీసే కార్టియే-బ్రెసాఁ తన జీవితమంతా లైకానే నమ్ముకున్నాడు. పరుగెత్తే సైనికుల మధ్య, పొగలోను, తక్కువ వెలుతురులోను, ఫిల్మును తరచు మారుస్తూ పనిచేయవలసిన కాపా చేతికి కాంటాక్స్ వచ్చింది. కాపా తన పరికరాల పట్ల ప్రత్యేకమైన మమకారము చూపిన వ్యక్తి కాడు. కెమేరాలను పనిముట్లుగానే భావించి, పనిని బట్టి మార్చేవాడు. మధ్యతరహా ఫిల్మును వాడే రోలీఫ్లెక్స్‌ను కూడా కాంటాక్స్‌తో పాటు వెంట ఉంచుకొనేవాడు.

రెండవ ప్రపంచ యుద్ధము

1939లో కాపా న్యూయార్క్ చేరాడు. అతని తల్లి, తమ్ముడు అప్పటికే అక్కడ స్థిరపడ్డారు. అమెరికా యుద్ధములో ప్రవేశించిన తరువాత హంగేరీ పౌరుడైన కాపా శత్రుదేశీయునిగా పరిగణింపబడ్డాడు. అయినప్పటికీ ఇతడు కోలియర్స్, లైఫ్ పత్రికల తరఫున పనిచేస్తూ 1943లో ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇటలీ యుద్ధాలను చిత్రించాడు.

జూన్ 6, 1944న మిత్రరాజ్యాల సైన్యము ఫ్రాన్సులోని నార్మండీ తీరముపై దిగింది. కాపా సామ్యూల్ చేజ్ అనే ఓడ నుండి అమెరికా మొదటి పదాతి దళముతో పాటు ఒమాహా తీరానికి చేరాడు. అతనివద్ద 50 మిల్లీమీటర్ల కటకాలు అమర్చిన రెండు కాంటాక్స్ కెమేరాలు, ఒక రోలీఫ్లెక్స్ ఉన్నాయి. జర్మన్ తుపాకుల కాల్పుల మధ్య నీటిలో నిలబడి, ఇనుప అడ్డంకుల చాటు నుండి ఇతడు చిత్రాలు తీశాడు. చేతులు వణికి కొత్త ఫిల్మును ఎక్కించలేకపోయానని తరువాత తన పుస్తకములో వ్రాశాడు. అనంతరము గాయపడినవారిని తీసుకువెళుతున్న ఒక నౌక ఎక్కి ఇంగ్లండుకు తిరిగివచ్చాడు.

ఒమాహా తీరములో కాపా తీసిన వాటిలో 11 చిత్రాలు మాత్రమే మిగిలాయి. లైఫ్ పత్రిక వీటిలో కొన్నింటిని జూన్ 19, 1944 సంచికలో ప్రచురించింది. మసకగా, అదిరినట్లు ఉండే ఈ చిత్రాలు ఆనాటి భయానక వాతావరణానికి గుర్తుగా ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందాయి.

ఆగస్టు 1944లో షార్త్ర్ పట్టణములో, జర్మన్ సైనికుని వలన బిడ్డను కన్నందుకు తల గొరిగించి జనము వెంటబడి తరుముతున్న ఒక యువతిని కాపా చిత్రించాడు. మిత్రరాజ్యాల విజయానందములోని క్రూరత్వాన్ని చూపిన చిత్రముగా దీనికి పేరు. ఆ నెల 25న పారిస్ విముక్తిని చిత్రించాడు. మార్చి 1945లో పారాచూట్ దళముతో పాటు జర్మనీలో దిగాడు. ఏప్రిల్‌లో లైప్జిగ్ నగరములో ఒక ఇంటి వసారాలో తుపాకి గుండుకు బలైన అమెరికన్ సైనికుని చిత్రాలు తీశాడు. యుద్ధములో ఇతడు తీసిన చివరి ప్రసిద్ధ చిత్రాలు ఇవి. ఇరవై ఏళ్ళ క్రితము లైకా తొలిసారి ప్రదర్శింపబడినది కూడా ఈ నగరములోనే.

మాగ్నమ్ ఫోటోస్ స్థాపన

1946లో కాపా అమెరికా పౌరుడయ్యాడు. 1947లో అతని యుద్ధకాలపు అనుభవాల పుస్తకము స్లైట్లీ అవుట్ ఆఫ్ ఫోకస్ వెలువడింది. అదే సంవత్సరము అమెరికా ప్రభుత్వము ఇతనికి మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రదానము చేసింది.

అంతవరకు ఛాయాచిత్రాల నెగటివ్‌లు, వాటిపై హక్కులు సాధారణముగా పత్రికలకే చెందేవి. తీసినవానికి ఒకసారి ఇచ్చే పారితోషికమే దక్కేది. చిత్రాల హక్కులు చిత్రకారులకే చెందాలన్న ఉద్దేశముతో కాపా 1947లో హెన్రీ కార్టియే-బ్రెసాఁ, డేవిడ్ సేమూర్, జార్జి రోడ్జర్, విలియమ్ వాండివర్ట్ తదితరులతో కలిసి మాగ్నమ్ ఫోటోస్‌ను స్థాపించాడు. సభ్యులే యజమానులైన ఈ సంస్థ పారిస్, న్యూయార్క్ నగరాల నుండి పనిచేసింది. సభ్యులు ప్రపంచాన్ని ప్రాంతాలుగా పంచుకొనగా, ఆసియా కార్టియే-బ్రెసాఁ వంతుకు వచ్చింది. ఆయన 1947లో భారతదేశము వచ్చి, జనవరి 30, 1948న మహాత్మా గాంధీ హత్యకు కొద్ది ముందు గాంధీజీని, తరువాత అంత్యక్రియలను చిత్రించాడు. మాగ్నమ్‌కు ప్రపంచ గుర్తింపు తెచ్చిన తొలి చిత్రాలలో ఇవి ముఖ్యమైనవి.

కాపా 1947లో అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్‌తో కలిసి సోవియట్ యూనియన్‌లో పర్యటించాడు. మాస్కో, కీవ్, స్టాలిన్‌గ్రాడ్, జార్జియా ప్రాంతాలలో సామాన్యుల జీవితాన్ని చిత్రించాడు. ఈ యాత్ర ఫలితముగా 1948లో ఎ రష్యన్ జర్నల్ పుస్తకము వెలువడింది. యుద్ధ నష్టపరిహారముగా జర్మనీ నుండి తెచ్చిన యంత్రాలతో సోవియట్ ప్రభుత్వము ఈ కాలములోనే కీవ్‌లో కాంటాక్స్ నమూనాలో కెమేరాలను తయారు చేయడము మొదలుపెట్టింది. వాటికి కీవ్ అనే పేరే పెట్టారు.

మే 14, 1948న టెల్ అవీవ్‌లో ఇజ్రాయెల్ స్వాతంత్ర్య ప్రకటనను, తరువాత జరిగిన యుద్ధాన్ని కాపా చిత్రించాడు. ఆపై కొన్ని సంవత్సరాలు యుద్ధాలకు దూరముగా ఉండి మాగ్నమ్ వ్యవహారాలు చూసుకుంటూ, యువ ఛాయాచిత్రకారులను ప్రోత్సహించాడు.

జపాన్ పర్యటన

రెండవ ప్రపంచ యుద్ధము తరువాత జర్మనీ రెండుగా చీలగా, జైస్ ఇకాన్ పశ్చిమ జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో 1950 నుండి కాంటాక్స్ రెండవ-ఎ నమూనాను తయారు చేసింది. అదే కాలములో జపాన్ కెమేరా పరిశ్రమ వేగముగా ఎదిగింది. 1950లో కొరియా యుద్ధానికి వెళ్ళిన డేవిడ్ డగ్లస్ డంకన్ అనే లైఫ్ ఛాయాచిత్రకారుడు తన లైకాకు జపాన్ వారి నిక్కోర్ కటకాలను అమర్చి వాడడముతో వాటికి గొప్ప పేరు వచ్చింది. ఆ కటకాలను తయారుచేసిన సంస్థ రూపొందించిన రేంజ్‌ఫైండరు కెమేరాయే నికాన్. ఇది బాహ్యరూపములోను, కటకము బిగించే పద్ధతిలోను కాంటాక్స్‌ను పోలి ఉంటుంది. కాని లోపల షట్టర్ మాత్రము లైకా వలె అడ్డముగా కదిలే వస్త్రపు తెర. ఇరవై ఏళ్ళుగా ప్రత్యర్థులైన రెండు జర్మన్ కెమేరాల గుణాలను ఈ విధముగా ఒకదానిలో కలిపారు.

ఏప్రిల్ 1954లో కాపా మైనిచి పత్రికా సంస్థ ఆహ్వానముపై జపాన్ వెళ్ళాడు. ఆ సంస్థ కొత్తగా వెలువరించనున్న కెమేరా మైనిచి పత్రికకు ప్రచారము కల్పించడము ఈ ఆహ్వాన ఉద్దేశము. అక్కడ ఇతనికి ఘనస్వాగతము లభించింది. ఆ సమయములోనే ఇండోచైనాలో పనిచేస్తున్న తమ ఛాయాచిత్రకారుని స్థానములో కొద్దివారాలు పనిచేయవలసిందిగా లైఫ్ పత్రిక కోరింది. ఇక యుద్ధాలకు వెళ్ళనని అంతకుముందు చెప్పిన కాపా ఈ పనికి అంగీకరించాడు.

మరణము

మే 7, 1954న డియన్ బియన్ ఫూ కోట వియత్ మిన్ సేనల వశమయింది. కాపా హనోయి చేరి, ఎర్రనది మైదానములో ఫ్రెంచి సైన్యము కదలికలను చిత్రించసాగాడు. మే 25న నామ్ దిన్ నుండి థాయ్ బిన్ వైపు వెళ్ళిన ఫ్రెంచి దళముతో పాటు మరో ఇద్దరు అమెరికన్ విలేఖరులతో కలిసి బయలుదేరాడు. ఆ రోజు ఇతనివద్ద రెండు రేంజ్‌ఫైండరు కెమేరాలు ఉన్నాయి. నలుపు తెలుపు ఫిల్ము ఎక్కించిన కాంటాక్స్ రెండవ-ఎ ఒకటి, రంగుల ఫిల్ము ఎక్కించిన నికాన్ ఎస్ మరొకటి. రెండు రకాల ఫిల్మును ఒకే కెమేరాలో మార్చి మార్చి వాడడము వీలుకాదు కనుక ఆనాటి పత్రికా ఛాయాచిత్రకారులు ఇట్లు రెండింటిని మోయడము పరిపాటి.

దారిలో కాల్పుల వలన దళము పలుమార్లు ఆగింది. మధ్యాహ్నము దాటిన తరువాత కాపా రహదారి విడిచి, పొలములో విడివిడిగా నడుస్తున్న సైనికులను చిత్రిస్తూ ముందుకు సాగాడు. గడ్డిలో నడుస్తున్న సైనికుల వీపులు కనిపించే చిత్రాలు ఇతని చివరి చిత్రాలు. సుమారు 3 గంటల సమయములో ఇతడు మందుపాతరపై కాలుమోపాడు. ఎడమ కాలు ఛిద్రమై, ఛాతీపై తీవ్ర గాయమయింది. పడిపోయినప్పటికి కాంటాక్స్ ఇతని చేతిలోనే ఉంది. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళగా, మరణించినట్లు నిర్ధారించారు. అప్పటికి ఇతని వయసు 40 సంవత్సరాలు.

మాగ్నమ్ సభ్యుడు వెర్నర్ బిషోఫ్ మే 16న పెరూ పర్వతాలలో జరిగిన ప్రమాదములో మరణించగా, ఆ వార్త కూడా మాగ్నమ్ కార్యాలయానికి మే 25ననే చేరింది. ఫ్రెంచి ప్రభుత్వము కాపాకు మరణానంతరము యుద్ధ పతకము ప్రకటించింది. ఇతనిని న్యూయార్క్ రాష్ట్రములోని అమావాక్ శ్మశానములో ఖననము చేశారు.

వివాదాలు

ఒరుగుతున్న సైనికుని చిత్రము నిజముగా యుద్ధములో తీసినదా, లేక సైనికులచే నటింపజేసినదా అన్న సందేహము 1970వ దశకము నుండి ఉంది. ఈ చిత్రము సెరో మురియానో వద్ద తీసినదని చాలాకాలము నమ్మేవారు. వెనుక కనిపించే కొండల ఆధారముగా అది ఎస్పెహో అనే ఊరి దగ్గర తీసినదని 2009లో స్పెయిన్ పరిశోధకుడు హోసే మాన్యుయెల్ సుస్పెరెగి వాదించాడు. సెప్టెంబరు మొదటి వారములో అక్కడ పోరాటము జరగలేదని ఆయన అభిప్రాయము. కాపా పక్షాన నిలిచినవారు దీనిని అంగీకరించలేదు.

నార్మండీ చిత్రాలపై వివాదము మరొకటి. కాపా నాలుగు చుట్టల ఫిల్ము పంపగా, లండన్ చీకటి గదిలో ఒక సహాయకుడు ఆరబెట్టే అల్మారాలో వేడి పెంచడము వలన పైపూత కరిగి 11 చిత్రాలు తప్ప మిగిలినవన్నీ నశించాయని దశాబ్దాలపాటు చెప్పుకున్నారు. 2014 నుండి విమర్శకుడు ఎ.డి.కోల్మన్ మరియు అతని సహచరులు ఈ కథను పరిశీలించారు. ఆనాటి ఫిల్ము ఆ వేడికి కరగదని, కాపా తీరములో గడిపిన సమయము తక్కువ కావడముతో అన్ని చిత్రాలే తీసి ఉండవచ్చునని వీరి వాదన. నెగటివ్‌లలో బొమ్మ ఫిల్ము అంచున ఉండే రంధ్రాల మీదకు జరిగి ఉండడాన్ని పైపూత కరిగి జారిందనడానికి నిదర్శనముగా చూపేవారు. కాంటాక్స్ రెండవ నమూనాలో కోడక్ ఫిల్ము డబ్బీని వాడినప్పుడు ఫిల్ము కొద్దిగా స్థానము తప్పి, బొమ్మ ఇట్లే రంధ్రాల మీదకు పడుతుందని ఈ పరిశోధకులు చూపించారు. ఆనాడు లైఫ్ లండన్ కార్యాలయములో చిత్రాల బాధ్యుడైన జాన్ మోరిస్ కూడా ఇతర చుట్టలలో అసలు చిత్రాలే లేకపోయి ఉండవచ్చునని తరువాత ఒప్పుకున్నాడు. ఎంతకాలముండి, ఎన్ని తీసినా, ఆ 11 చిత్రాలు కాల్పుల మధ్య తీసినవే అన్న విషయములో వివాదము లేదు.

మెక్సికో పెట్టె

1939లో పారిస్ నుండి తరలించిన స్పెయిన్ యుద్ధపు నెగటివ్‌లు చాలాకాలము కనిపించకుండా పోయాయి. ఇవి మెక్సికోలో బయటపడి, డిసెంబరు 2007లో న్యూయార్క్‌లోని ఇంటర్నేషనల్ సెంటర్ ఆఫ్ ఫోటోగ్రఫీకి చేరాయి. కాపా, టారో, సేమూర్ తీసిన సుమారు 4,500 నెగటివ్‌లు వీటిలో ఉన్నాయి. అంతవరకు కాపావిగా భావించిన కొన్ని చిత్రాలు టారో తీసినవని వీటివలన తెలిసింది. ఒరుగుతున్న సైనికుని నెగటివ్ మాత్రము ఇందులో లేదు.

విశేషాలు

* 1955లో అమెరికాలోని ఓవర్సీస్ ప్రెస్ క్లబ్ కాపా పేరిట స్వర్ణ పతకాన్ని నెలకొల్పింది. అసాధారణ ధైర్యము చూపిన పత్రికా ఛాయాచిత్రకారులకు దీనిని ఇస్తారు.
* కాపా మిత్రుడు, మాగ్నమ్ సహ వ్యవస్థాపకుడు డేవిడ్ సేమూర్ 1956లో సూయజ్ వద్ద తుపాకి గుండ్లకు బలయ్యాడు.
* కాపా తమ్ముడు కార్నెల్ కాపా 1974లో న్యూయార్క్‌లో ఇంటర్నేషనల్ సెంటర్ ఆఫ్ ఫోటోగ్రఫీని స్థాపించాడు. 2014లో ఈ సంస్థ కాపా తీసిన రంగుల చిత్రాలతో ప్రదర్శన ఏర్పాటు చేసింది.
* 2013లో, కాపా శతజయంతి సంవత్సరములో, బుడాపెస్ట్‌లో ఇతని పేరిట ఛాయాచిత్ర కేంద్రము ప్రారంభమయింది.
* కాపా మరణించిన 1954లోనే లైకా ఎం3 నమూనా విడుదలయింది. కాంటాక్స్‌లో 1936 నుండి ఉన్న ఒకే గవాక్షపు చూపు, సులువుగా బిగించే కటకము లైకాలో తొలిసారిగా ఈ నమూనాలో వచ్చాయి.
* 1959లో నికాన్ ఎఫ్ కెమేరా వచ్చిన తరువాత, కటకము గుండానే దృశ్యాన్ని చూసే కెమేరాలకు ఆదరణ పెరిగి, వృత్తిలో రేంజ్‌ఫైండరు కెమేరాల వాడకము తగ్గింది. జైస్ ఇకాన్ 1960వ దశకము ఆరంభములో కాంటాక్స్ రేంజ్‌ఫైండరు కెమేరాల తయారీని నిలిపివేసింది.